లోన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు



గత నెల పేరెంట్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి పాప ప్రోగ్రెస్ కార్డు చూసుకున్నాక కూడా వాళ్ల నాన్నగారు కుర్చీలోంచి లేవలేదు. "ఇంకో మాట అండి మేడమ్. మా పెద్దమ్మాయి ఇంటర్ సెకండియర్. డిగ్రీలో మాస్ కమ్యూనికేషన్ చేస్తానంటోంది. బెంగళూరు కాలేజీలో ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి రెండున్నర లక్షలంటండి. లోన్ వచ్చేస్తుందంటున్నారు. చేర్పించేయమంటారా?" అని అడిగారు.

ఇంగ్లీషు టీచర్ని కాబట్టి నాకు తెలుస్తుందని ఆయన అనుకున్నారు. నాకు తెలియడానికి వేరే కారణం ఉంది. బీఈడీకి ముందు నేను చదివింది ఆ కోర్సే. దానికి తీసుకున్న లోన్ ఇంకా కడుతున్నాను.

ఆయన ముందు కాగితం మీద వేసిన లెక్క మీకూ చెబుతాను. మూడేళ్లకు అప్పు 7.5 లక్షలు. సాధారణంగా అంతవరకూ బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగవు. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. ఇది వినగానే మనకు ధైర్యం వచ్చేస్తుంది. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. పది శాతం అనుకుంటే, ఆ నాలుగేళ్లలో వడ్డీయే 2.25 లక్షలు. అంటే వాయిదాలు మొదలయ్యే రోజుకు అప్పు 9.75 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 12,900 రూపాయలు. మొత్తం కట్టేది సుమారు 15.5 లక్షలు.

ఇప్పుడు జీతం సంగతి. నా మొదటి ఉద్యోగం హైదరాబాదులో ఒక వెబ్ ఛానెల్‌లో, నెలకు 16 వేలు. నా వాయిదా 7,700. గది అద్దె, తిండి, బస్సు పాస్ పోను ఏమీ మిగిలేది కాదు. రెండు నెలలు వాయిదా తప్పాను. కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టింది నాన్న కాబట్టి బ్యాంకు వాళ్లు ఆయనకు ఫోన్ చేశారు. కడియం నర్సరీలో పని చేసే మనిషి, నాతో ఒక్క మాట అనలేదు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ మెడలో గొలుసుకు బదులు పసుపుతాడు చూశాను. అప్పుడు తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజుల్లోనే డాక్యుమెంటరీలు తీసే ఒక చోట ట్రైనీగా అవకాశం వచ్చింది. జీతం 10 వేలు, కానీ పని బాగా నేర్చుకోవచ్చు. ప్రతి నెలా ఐదో తారీఖు గుర్తొచ్చి వద్దనేశాను. ఈ రంగంలో మొదటి రెండేళ్లు తక్కువ జీతానికి పని నేర్చుకోవాల్సి వస్తుంది. పెద్ద అప్పు ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

అలాగని ఆ చదువు వద్దని నేను ఎవరికీ చెప్పను. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధిని మొదలుపెట్టిన ఊరు మనది. రాయడం, మాట్లాడటం, ఒక విషయాన్ని పదిమందికి అర్థమయ్యేలా చెప్పడం ఆ కోర్సులోనే నేర్చుకున్నాను. మీ పిల్లల క్లాసులో రోజూ నాకు పనికొచ్చేది అదే. నా పొరపాటు కోర్సులో లేదు, దానికి నేను పెట్టిన ధరలో ఉంది.

తక్కువ ఖర్చు దారులు ఉన్నాయి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ లాంటి ప్రభుత్వ కాలేజీలో ఇంటి దగ్గరే డిగ్రీ చేసి, పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో, ఆంధ్రా యూనివర్సిటీకో, ఢిల్లీలోని ఐఐఎంసీకో ప్రయత్నించవచ్చు. జర్నలిజంలోకి రావడానికి డిగ్రీ కూడా జర్నలిజంలోనే చేసి ఉండాలని లేదు. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇచ్చే జర్నలిజం స్కూళ్లూ ఉన్నాయి.

లోన్ తప్పదనుకుంటే మూడు పనులు చేయండి. ఒకటి, గత ఏడాది పాసైన పిల్లలు ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడి మొదటి జీతం ఎంతో అడగండి. బ్రోచర్‌లో ఉండేది అందరికంటే ఎక్కువ వచ్చిన ఒక్కరి ప్యాకేజీ కావచ్చు. ఆ మొదటి ఏడాది జీతం కంటే అప్పు ఎక్కువైతే ఆగి ఆలోచించండి. రెండు, కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఆ కాలేజీ ఉందేమో చూడండి. ఉంటే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవాళ్లు వడ్డీలో 3 శాతం రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. మూడు, వీలైతే చదువుతుండగానే వడ్డీ కట్టేయండి. పైన చెప్పిన లెక్కలో మొదటి ఏడాది అది నెలకు సుమారు 2,100, మూడో ఏడాదికి 6,250 అవుతుంది. అలా కడితే తర్వాతి వాయిదా 12,900 నుంచి 9,900కు దిగుతుంది.

ఈ లెక్క వేసేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మా ఇంట్లో నాన్న బ్యాంకు కాగితాలు నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. చదువుకునే పిల్లకు ఇవన్నీ ఎందుకని ఆయన, పెద్దవాళ్లు చూసుకుంటారులే అని నేను. తీరా అప్పు తీర్చాల్సింది ఇద్దరమూ.

తర్వాతి శనివారం ఆ నాన్నగారు పెద్దమ్మాయిని తీసుకొచ్చారు. ఆ అమ్మాయి నా కాగితం చూసి, ఫోన్‌లో మళ్లీ లెక్క వేసుకుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మేడమ్, ఆర్ట్స్ కాలేజీలో అడ్మిషన్లు ఎప్పుడు మొదలవుతాయి?" అని అడిగింది. బెంగళూరు ఆశ ఇంకా వదులుకోలేదట. ఫర్వాలేదు, ఆలోచించుకోవడానికి టైముంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రశ్న ఉంటే పిల్లల డైరీలో ఒక మాట రాసి పంపండి. ఆ లెక్క కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.