నరానికీ కండకీ నడుమ

వానాకాలంలో తెల్లవారుజామున వచ్చే కేసుల్లో నన్ను బాగా భయపెట్టేవి వాలిపోయిన రెప్పలు. రాత్రి నేలమీద చాప వేసుకుని పడుకున్న మనిషి కడుపునొప్పితో లేస్తాడు. కాటు ఆనవాలు కనిపించదు, వాపు ఉండదు. గ్యాస్ అనుకుని ఊళ్లోనే ఒక సూది వేయించుకుంటారు. పొద్దు పొడిచేసరికి కళ్లు తెరుచుకోవు. కట్లపాము కాటు అలాగే మొదలవుతుంది.

వరంగల్ వైపు పనిచేసే రోజుల్లో అలాగే ఒకావిడను ఆటోలో తెచ్చారు. నలభై ఏళ్లుంటాయి. మాట ముద్దగా వస్తోంది, ఉమ్మి మింగలేకపోతోంది, దిండు మీంచి తల లేవడం లేదు. అరగంటలో ఊపిరి అందకుండా పోయింది. ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టాం, పాము విషానికి విరుగుడు ఎక్కించాం. మర్నాటికి వేలు కూడా కదల్లేదు. టార్చి వేస్తే కంటిపాపలు పెద్దగా అలాగే ఉండిపోయాయి. ఆ మంచం పక్కనే నిలబడి బంధువులతో "ఆశ తక్కువ" అనేశాను. ఐసీయూలో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, "సార్, ఆమె వింటుంటది" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. చదువుకున్న నాకు అది ముందే తట్టాలి.

నరాన్ని కరెంటు తీగతో పోలుస్తాం. సగమే సరి. నాడీకణం పొడవునా సంకేతం విద్యుత్తులాగే పోతుంది, వేగమైన నరాల్లో సెకనుకు వంద మీటర్ల దాకా. కానీ చివర తీగ తెగినట్టే ఉంటుంది. నరం కండను తాకదు. మధ్యలో 50 నానోమీటర్ల సందు. తలవెంట్రుకను వెయ్యి పొరలుగా చీల్చగలిగితే ఒక్కో పొర దాదాపు అంత ఉంటుందేమో. సంకేతం ఆ ఒడ్డుకు రాగానే నరం కొసలోకి కాల్షియం చొరబడుతుంది, అక్కడ కాచుకుని ఉన్న చిన్న చిన్న తిత్తులు పగిలి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం సందులోకి ఒలుకుతుంది. అది అవతలి గట్టున తన చోట కూర్చుంటేనే కండ కదులుతుంది.

కట్లపాము విషం ఆ తిత్తులుండే నరం కొసనే పాడుచేస్తుంది. నాగుపాము దెబ్బ అవతలి గట్టుమీద, అందుకే నియోస్టిగ్మిన్ అనే మందు అక్కడ పనిచేసినంతగా ఇక్కడ పనిచేయదు. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పడుతుంది గానీ చెడిన కొసను బాగుచేయలేదు. కొస మళ్లీ మొలకెత్తాలి, దానికి రోజులు పడుతుంది. అంతవరకూ మెదడు తేటగా ఉంటుంది, చెవులు వింటుంటాయి. చెప్పడానికి ఒక్క కండ కూడా లొంగదు.

అదే వార్డులో ఆ వారమే దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న కేసు చూశాం. పత్తికి మందు కొడుతూ ట్యాంకు కారి వీపంతా తడిసిన కూలీ. ఒళ్లంతా చెమట, నోటివెంట నురగ, కంటిపాపలు ఆవగింజలంత. తొడమీద చెయ్యి పెడితే చర్మం కింద కండలు చీమలు పాకినట్టు అదురుతున్నాయి. నాడి 44. ఇక్కడ సందేశం అందకపోవడం కాదు, ఆగకపోవడం. చెప్పిన మాటను వెంటనే తుడిచేసే ఎంజైము ఒకటి ఆ సందులో ఉంటుంది, పురుగుమందు దాన్ని పట్టేస్తుంది. బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్లంతా కడిగించి, ఊపిరితిత్తుల్లో గురగుర పోయేదాకా అట్రోపిన్ ఇస్తూ పోయాం.

ఆ నాడి 44 చూసినప్పుడల్లా నాకు 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒట్టో లూవీ అనే శాస్త్రవేత్త చేసిన పని గుర్తొస్తుంది. ఒక కప్ప గుండెకు వెళ్లే వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో కప్ప గుండెకు పోస్తే, ఏ నరమూ ముట్టకుండానే అదీ నెమ్మదించింది. నరం రసాయనంతో మాట్లాడుతుందని అలా తేలింది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. 1936లో లూవీకి, హెన్రీ డేల్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ కప్ప గుండెను ఆపినంత పని చేసిన రసాయనమే మా కూలీ గుండెనూ వెనక్కి లాగుతోంది. అతను తొమ్మిదో రోజున ఇంటికి వెళ్లాడు.

నర్సమ్మ మాట విన్నాక, పాము కరిచిన ఆవిడ ఇంటివాళ్లకు ఒకటే చెప్పాను: ఏడవొద్దు, ఖర్చుల లెక్కలు ఇక్కడ వద్దు, ఇంటి కబుర్లు చెప్పండి. ఇంటరు చదివే కొడుకు రోజూ సాయంత్రం చెవి దగ్గర కూర్చునేవాడు. "అమ్మా, మన బర్రె ఈనిందే," అన్నాడొక రోజు. మానిటర్ మీద గుండె వేగం కాస్త పెరగడం ఇద్దరం చూశాం.

అయిదో రోజు కుడికాలి బొటనవేలు కదిలింది. ఎనిమిదో రోజు ట్యూబు తీశాం. గొంతు బొంగురుపోయింది, నీళ్లు కావాలా అని అడిగితే చెయ్యి అడ్డం ఊపి కొడుకు వైపు చూసింది.

"బర్రె ఈనిందన్నవు గదరా. పెయ్యనా, దున్ననా?"