అమ్మ కొన్న చిల్లుల గిన్నె

పోయిన వేసవిలో అమ్మ మొదటిసారి జర్మనీ వచ్చింది. మేముండేది డ్రెస్డెన్‌లో. ఇక్కడ ఎల్బే నది ఒడ్డున శనివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. గుంటూరు మనిషికి సంత కనిపిస్తే కాలు ఆగుతుందా! ఓ ముసలాయన దగ్గర రెండు చెవులున్న ఇనుప చిల్లుల గిన్నె పట్టుకుని, "ఒరేయ్, అన్నం వార్చుకోవడానికి భలే ఉంటుంది, ఎంతో అడుగు" అంది.

అడిగితే ఆయన నవ్వి, "ఇది మొదట సైనికుడి హెల్మెట్" అన్నాడు. 1945లో యుద్ధం ముగిశాక ఇళ్లల్లో వంటపాత్రలకి కరువు. హెల్మెట్లేమో గుట్టలుగా మిగిలిపోయాయి. వాటికే చిల్లులు కొట్టి, చెవులు అతికించి వంటింటికి పంపారట.

"ఎవరి తల మీదదో ఏమోరా" అంటూ అమ్మ గిన్నె కింద పెట్టేసింది. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన సరుకే అయ్యుంటుందని ముసలాయన అన్నాక మళ్లీ తీసుకుంది.

మర్నాడు అమ్మని ఇక్కడి సైనిక చరిత్ర మ్యూజియానికి తీసుకెళ్లాను. హెల్మెట్ల ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

1914లో జర్మన్ సైనికుడు యుద్ధానికి వెళ్లింది తోలు టోపీతో. దాన్ని పికెల్‌హాబ అంటారు. నెత్తి మీద శూలంలాంటి మొన, ముందు మెరిసే ఇత్తడి బిళ్ల. 1842లో ప్రష్యా సైన్యంలో మొదలైంది. కవాతులో చూడటానికి రాజసమే. కానీ కందకాల్లో కూర్చున్నవాడి మీద ఫిరంగి గుండు పేలి ముక్కలు పడుతుంటే తోలు ఏం ఆపుతుంది? పైగా తోలు కూడా కరువై ఫెల్టుతో, పలచటి రేకుతో అవే టోపీలు కుట్టించారు. ఆకారం మాత్రం తప్పనివ్వలేదు. 1915కి వచ్చేసరికి మొన ఊడదీసుకునేలా చేశారు.

ఆగస్ట్ బీర్ అనే సర్జన్ తలకి దెబ్బలు తగిలినవాళ్లకి వైద్యం చేస్తూ ఒకటి గమనించాడు. చాలామందిని చంపుతున్నవి పెద్ద గుండ్లు కావు, చిన్న చిన్న ఇనుప ముక్కలు. వాటిని ఆపడానికి గట్టి ఉక్కు టోపీ ఉంటే చాలు. హానోవర్ ప్రొఫెసర్ ఫ్రీడ్రిష్ ష్వేర్డ్ ఆ టోపీకి రూపం ఇచ్చాడు. చెవుల మీదికి, మెడ వెనక్కి దిగే అంచు, కేజీకి పైగా బరువు. 1916లో వెర్డున్ యుద్ధంలో అది సైనికుల తలల మీదికొచ్చింది. రెండు పక్కలా కొమ్ముల్లాంటి గొట్టాలు గాలి ఆడటానికి. నుదుటికి అడ్డంగా ఇంకో ఉక్కు పలక తగిలించడానికి కూడా అవే ఆధారం. ఆ పలక మరీ బరువు కావడంతో అందరూ వాడలేకపోయారు.

తర్వాత 1935లో హిట్లర్ సైన్యానికి చిన్నగా, తేలిగ్గా కొత్త నమూనా వచ్చింది. అంచు నున్నగా లోపలికి మడిచి, గాలి రంధ్రాలకి విడిగా రివెట్లు పెట్టి శ్రద్ధగా చేశారు. 1940లో రివెట్లు తీసేసి రంధ్రాన్ని రేకులోనే నొక్కేశారు. 1942 నమూనాకి అంచు మడవడం కూడా మానేశారు. కోసిన రేకు కోసినట్టే వదిలేశారు. పక్కనుండే జెండా రంగుల ముద్ర 1940లో పోయింది, గద్ద ముద్ర 1943లో పోయింది. యుద్ధం ముదిరేకొద్దీ పని తగ్గించుకుంటూ పోయారన్నమాట. ఆ టోపీలు పెట్టుకుని వాళ్లు చేసిన ఘోరాలు అదే మ్యూజియంలో పక్క గదుల్లో ఉన్నాయి. అందుకే వాటిని మెచ్చుకోబుద్ధి కాలేదు.

నన్ను అక్కడ ఆపింది మొదటి తోలు టోపీ. చూడ్డానికే తప్ప కాపాడ్డానికి కాదు. అలాంటిది నేనూ ఒకటి కొన్నాను.

నాలుగేళ్ల కిందట సెలవుకి ఇంటికెళ్లినప్పుడు చెకింగ్‌లో తమ్ముడికి చలానా పడింది. నేనే రోడ్డు పక్కన బండి ఆపి ఓ హెల్మెట్ కొనిచ్చాను. ఐఎస్ఐ ముద్ర ఉందా లేదా అని కూడా చూడలేదు. "పోలీసులు ఆపకపోతే చాల్లేరా" అన్నాను. ఆ మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. రెండు నెలల తర్వాత విజయవాడ రోడ్డులో బండి జారింది. హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. అది కొబ్బరిచిప్పలా రెండు ముక్కలైంది.

తమ్ముడు బతికాడు. మాట మాత్రం తడుముకుంటాడు. ఆ హెల్మెట్ ఎవరు కొన్నారని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మ్యూజియం బయట బెంచీ మీద కూర్చుని అమ్మకి చెప్పేశాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"వాడు నాకెప్పుడో చెప్పాడ్రా. 'అన్నయ్యకి చెప్పకమ్మా, బాధపడతాడు' అన్నాడు" అంది.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మ ఆ గిన్నెలో అన్నం వారుస్తూ తమ్ముడికి చూపించింది. వాడు ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "అమ్మా... అది... హెల్మెట్ కదూ?" అన్నాడు. మేమెవరం చెప్పకుండానే పోల్చుకున్నాడు.

ఈసారి ఊరెళ్లినప్పుడు వాడిని వెంటబెట్టుకుని షాపుకెళ్లాలి. ముద్ర చూసి, తలకి సరిపోయిందో లేదో చూసి, గడ్డం కింద పట్టీ బిగించి మరీ కొనాలి. వాడిక బండి నడపడు. అయినా వెనక సీట్లో కూర్చునేవాడిదీ తలే కదా.