రాళ్ల నేలలో రేగు తీపి

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం, యాచారం దాటి మాల్ చేరితే నల్గొండ జిల్లా గడప తొక్కినట్టే. అక్కడి నుంచి చింతపల్లి, కొండమల్లేపల్లి వైపు సాగేకొద్దీ ఎర్ర చెల్కలు, పరుపుబండలు, ఎవరో పేర్చిపెట్టినట్టుండే రాళ్లగుట్టలు. సంక్రాంతి ముందు ఈ దారిన వెళ్లేవారికి గట్ల మీదా, బండల సందుల్లోనూ ఎర్రటి కాయలతో ఒంగిన ముళ్లచెట్లు కనిపిస్తాయి. వాటిని ఎవరూ నాటలేదు. ఎవరూ నీళ్లు పోయలేదు. అవే రేగుచెట్లు.

ఇంగ్లిషువారు రేగును ‘ఇండియన్ ప్లమ్’ అన్నారు. నిజానికి ప్లమ్‌ది గులాబీ కుటుంబం, రేగుది వేరే కుటుంబం. మన వంటింట్లో ఆలూబుఖారాగా తెలిసిన ప్లమ్‌కు చలికాలంలో గట్టి చలి పడితేనే పూత సరిగా వస్తుంది. కాబట్టి నల్గొండ పెరట్లో అది కాయాలనుకోవడం అత్యాశే. రేగు అలా కాదు. ఎండ ఎంత ఉన్నా దానికి ఇబ్బంది లేదు.

రెండు ముఖాల జిల్లా

నల్గొండ అంటే నల్లని కొండ. పట్టణం రెండు గుట్టల నీడలో ఉంటుంది. పక్కనే పానగల్లులో కందూరు చోళుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం, వారు తవ్వించిన ఉదయసముద్రం చెరువు ఉన్నాయి. వాన నీటిని ఒడిసిపట్టుకుంటేనే ఇక్కడ బతుకు అని ఆనాటి రాజులకూ తెలుసన్నమాట!

సాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ వైపు వరి పచ్చబడింది. ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు వైపు మాత్రం బోర్లే దిక్కయ్యాయి. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పటికా సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు వచ్చిందంటే ఈ నేల కష్టం ఎంతటిదో అర్థమవుతుంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. అయినా బిందెలు లెక్కపెట్టుకుని నీళ్లు వాడిన ఇళ్లలో ఆ అలవాటు అంత త్వరగా పోదు.

నల్గొండ అనగానే గుర్తొచ్చే బత్తాయిదీ నీళ్లతో ముడిపడిన కథే. బోర్లు ఎండిన ఏళ్లలో రైతులు ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి తోటలను కాపాడుకున్నారు. ఆ ఖర్చు భరించలేనివారు పెంచిన చేతులతోనే చెట్లు కొట్టేసుకున్నారు. అదే కరువులో చేను గట్టు మీది రేగు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎండాకాలం నిద్ర

దీని రహస్యం రెండు సంగతుల్లో ఉంది. ఒకటి, నేల లోతుకు దిగే తల్లివేరు. రెండోది, ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ రాల్చేసి నిద్రపోవడం. తొలకరి పడగానే చిగురిస్తుంది. వానాకాలం చివర పూస్తుంది. పుష్యమాసం చలికి పండుతుంది. బావి నీళ్లు అడుగంటే నెలల్లో దానికి నీళ్లతో పనే లేదు.

అయితే ఈ మంచితనమే దానికి చేటయింది. ‘అడవిచెట్టే కదా, దానికేం సేవ?’ అని వదిలేశారు. వదిలేసిన రేగు ముళ్లకంపలా అల్లుకుంటుంది. కాయలు గోళీలంత కూడా కావు, పులుపు, కొరికితే పురుగు. పైగా ముళ్లచెట్టు ఇంట్లో ఉండరాదనే మాట ఒకటి. కొత్త ఇల్లు కట్టేటప్పుడు గొడ్డలి వేటు మొదట దాని మీదే పడుతుంది. చివరికి భోగినాడు పిల్లల తల మీద పోయడానికీ, రథసప్తమి స్నానంలో జిల్లేడాకుతో పాటు నెత్తిన పెట్టుకోవడానికీ బజారులో కొనుక్కోవాల్సి వస్తోంది. 2010 తర్వాత తోటల్లోకి వచ్చిన యాపిల్ బేర్ పెద్దదే. కానీ భోగిపండ్లకు గుప్పెట్లో ఇమిడే చిన్న రేగుపండ్లే అందం!

నీళ్లు కాదు, కత్తెర

రేగుకు నీళ్ల కంటే ముఖ్యం కొమ్మ కత్తిరింపు. పూలు, కాయలు ఆ ఏడాది కొత్తగా వచ్చిన రెమ్మల మీదే వస్తాయి. కొత్త రెమ్మ బలంగా రావాలంటే పాతది పోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలాక పోయినేటి రెమ్మలను సగానికి కత్తిరించాలి. ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండు కొమ్మలు తీసేయాలి. పెద్ద గాట్లకు బోర్డో పేస్టు పూయాలి. ఇలా చేస్తే చెట్టు చేతికందే ఎత్తులో ఉంటుంది, కాయ సైజు పెరుగుతుంది. కొట్టిన కంప దడికి పనికొస్తుంది. ఆకు ఉంటే మేకలు ఇష్టంగా తింటాయి.

కొత్తగా పెంచేవారు గింజను అది పెరగాల్సిన చోటే నాటడం మేలు. తల్లివేరు తెగితే మొక్క తట్టుకోలేదు. గింజలను ఉప్పునీళ్లలో వేసి, తేలినవి పారేసి, మునిగినవి నాటుకోవాలి. మొక్క పెన్సిలంత లావయ్యాక వానాకాలం మొదట్లో మంచి రకం మొగ్గతో అంటు కట్టించాలి. ముందుగా పండేది గోలా. బంగారు రంగులో ఆలస్యంగా పండేది ఉమ్రాన్. పక్కన మరో రకం చెట్టు ఉంటే కాపు బాగుంటుంది. అంటుకు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. వాటిని వదిలేస్తే కింది అడవిరేగు పెరిగి పై తీపి రకాన్ని మింగేస్తుంది.

చీడల్లో ముఖ్యమైనది కాయ పురుగు. ఒక రకం ఈగ లేతకాయలో గుడ్లు పెడుతుంది. రాలిన కాయలను చెట్టు కింద వదలకుండా ఏరి లోతుగా పాతిపెట్టాలి. వేసవిలో పాదు తవ్వి మట్టి తిరగేస్తే లోపల దాగిన కోశాలు ఎండకు చస్తాయి. చలి మొదలయ్యాక పిందెల మీద తెల్లటి బూడిద కనిపిస్తే నీటిలో కరిగే గంధకం పొడిని లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి చల్లాలి. పూత మీద మాత్రం మందు కొట్టొద్దు. తేనెటీగలు, ఈగలు వాలితేనే కాయ నిలుస్తుంది. జూన్‌లో ఒక తట్టెడు పశువుల ఎరువు, పిందె ఊరేటప్పుడు బెట్ట తగిలితే స్నానాల నీళ్లు చాలు.

కాపు ఎక్కువైతే రేగివడియాలు ఉండనే ఉన్నాయి. పండ్లను ఉప్పు, మిరపకాయలు, జీలకర్ర, బెల్లంతో రోట్లో దంచి, చేత్తో తట్టి ఎండబెడితే ఏడాదంతా పిల్లల జేబుల్లోకి చేరతాయి.

మే నెలలో పెరట్లోని ముసలి రేగు మోడులా కనిపిస్తే చచ్చిపోయిందనుకుని వేళ్లతో పెకలించకండి. మోకాలికి కాస్త పైన నరికి వదిలితే వానలకు గుంపుగా చిగుళ్లు వస్తాయి. వాటిలో బలమైన మూడు నాలుగింటిని ఉంచి, తీపి రకంతో అంటు కట్టించండి. వేళ్లు ఎప్పుడో లోతుకు దిగి ఉన్నాయి కాబట్టి కొత్త మొక్క కంటే త్వరగా కాపుకొస్తుంది. భోగిపండ్ల కోసం బజారుకు వెళ్లే పని తప్పుతుంది.