ఎనిమిదో దెబ్బ దగ్గర నవ్వు

డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు ఛందస్సు చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఉత్పలమాలకు గణాలు కట్టిన పిల్లలకు ఇదేం కష్టం అనుకుంటాం గానీ, మొదట అడ్డొచ్చేది ఆ అలవాటే. అక్షరం పొడుగు చూసి గురులఘువులు పెట్టేస్తారు. ఇంగ్లీషులో చూడాల్సింది ఊనిక ఎక్కడ పడుతుందని. అందుకే సుద్దముక్క పక్కన పెట్టి, బల్ల మీద దరువు వేయమంటాను.

ఆ దరువుకు కిప్లింగ్ ‘టామీ’ని మించిన పద్యం నాకు దొరకలేదు. 1890లో అచ్చయి, 1892లో ‘బ్యారక్-రూమ్ బ్యాలడ్స్’ సంపుటిలో చేరింది. బొంబాయిలో పుట్టి లాహోర్ పత్రికలో పనిచేసిన కిప్లింగ్ సిపాయి కాడు. పద్యంలో గొంతు మాత్రం మామూలు బ్రిటిష్ సిపాయిది. హకారాలు మింగేసే యాసా వాడిదే.

పాదానికి ఏడు ఊనికలు. తేలిక అక్షరం, వెంటనే బరువుది. మన వగణం లాంటి జోడీలు ఏడు. నాలుగో ఊనిక తర్వాత చిన్న విరుపు, కానీ మన యతికిలా అక్షరమైత్రి అక్కర్లేదు. అసలు తమాషా చివర్లో ఉంది. ఏడో ఊనిక అయ్యాక ఎనిమిదో దెబ్బ మాట లేకుండా ఖాళీగా పడుతుంది. కవాతు కాళ్లకు సరి లెక్క కావాలి కదా! వినేవాడు నవ్వేది ఆ ఖాళీలోనే.

ప్రాస అనగానే పిల్లలు రెండో అక్షరం వెతుకుతారు, పాపం. ఇక్కడున్నది రెండేసి పాదాలకు అంత్యప్రాస. మొదటి పాదం చివర సిపాయి తాగబోయిన బీరు. రెండో పాదం చివర ‘ఇక్కడ’ అనే మాట: ఎర్రకోటు వాళ్లకు ఇక్కడ పొయ్యం అంటాడు కొట్టువాడు. అడగబోయిన నోటికీ పొమ్మన్న నోటికీ ప్రాస కుదిరింది! పల్లవి మొదట్లో మరో తేలిక అక్షరం దూరి నడక వేగం పెరుగుతుంది. సిపాయిని బయటికి గెంటే జనం తొందర నాకు అందులో వినిపిస్తుంది.

కిప్లింగ్‌దే మరో పద్యం ‘గంగా దీన్’లో ప్రాస ఇంకా కొంటెది. ఒక దండు పట్టణం పేరుకు చిన్నమాట తగిలించి, మూడు పాదాల అవతల మరో రెండు మాటలతో జతకలిపాడు. నవ్వొస్తుంది గానీ కవి పనితనం పైకి తేలిపోతుంది. నా ఓటు ‘టామీ’కే.

ప్రశ్నపత్రాలు తయారుచేసే తోటి అధ్యాపకులకు ఒక మనవి. ఛందస్సు పేరు రాయమని రెండు మార్కులిచ్చి వదిలేయకండి. నవ్వు ఏ దెబ్బ మీద పుడుతుందో కూడా అడగండి.