కాఫీ కోతల నెలల్లో ముట్టు

డిసెంబరు, జనవరి నెలల్లో ఆంధ్రప్రదేశ్ కొండల్లోని సీలేరు చుట్టుపక్కల ఆడవాళ్ళు ఎక్కువగా మంట అని నా దగ్గరికి వస్తారు. మూత్రంలో మంట, తొడల్లో మంట. ముట్టు సంగతి వాళ్ళంతట వాళ్ళు ఎత్తరు. నేనే అడగాలి. అంతకంటే ముందు ఏ పనికి వెళ్తున్నారో అడగాలి. ఆ రోజుల్లో జవాబు ఒకటే: కాఫీ కోతలు.

దారకొండ వైపు నుంచి వచ్చిన ఒకావిడను పరీక్షిస్తే రెండు తొడల లోపలా అరచేయంత మేర తోలు లేచిపోయి చెమ్మగా ఉంది. అంచుల్లో తామర. పొద్దున్నే మంచులో తోటలోకి దిగితే ఆకుల తడికి చీర నడుము దాకా నానుతుంది. లోపల పాత చీర గుడ్డ, నాలుగు మడతలు. మార్చుకోవడానికి చాటు లేదు, కడుక్కోవడానికి నీళ్ళు లేవు. ఆ తడి గుడ్డతోనే సాయంత్రం దాకా వాలు ఎక్కడం, దిగడం.

"నీళ్ళు తాగుతున్నావా?" అన్నాను.

"నువ్వే చెప్పు డాక్టరమ్మా, తాగితే వెళ్ళాలి కదా. ఎక్కడికెళ్ళను? చుట్టూ మగోళ్ళే."

నీళ్ళు తాగక, వచ్చింది బిగబట్టుకుంటే మూత్రాశయంలో సూక్ష్మజీవులు పెరగక ఏమవుతాయి? మందులిచ్చాను, తగ్గింది. కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చింది. కాఫీ పండ్లన్నీ ఒక్కసారి పండవు, విడతలు విడతలుగా కొయ్యాలి. విడత విడతకూ ఆ తడే, ఆ గుడ్డే.

దీనికి రక్తహీనత తోడవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. ఈ కొండల్లో మలేరియా ఉంది, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. అందుకే ఐరన్ మాత్రలు రాసి ఊరుకోను, సికిల్ సెల్ పరీక్ష కూడా చేయిస్తాను. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగొద్దని మరీ మరీ చెబుతాను, తాగితే మాత్రలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కిలోల లెక్కన కూలి కట్టే చోట రక్తం లేని మనిషికి ఆయాసమూ మిగులుతుంది, కూలీ తగ్గుతుంది.

ముప్ఫై దాటీ దాటని ఒకావిడ గర్భసంచి తీసేయమని అడిగింది. నెలకు నాలుగు రోజుల కూలి పోతోందట. స్కానింగులో గడ్డలేమీ లేవు. ముట్టు రోజుల్లో రక్తస్రావం తగ్గే మాత్రలు, మూడు నెలలు ఐరన్ ఇచ్చాను. గర్భసంచి తీసేయమన్న మాట విన్నప్పుడు నాకు భయం వేసింది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కోతకు వెళ్ళే ఆడవాళ్ళు పని పోకూడదని గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో దేశమంతా విన్నాం. మన రాష్ట్రంలోనూ ఈ ఆపరేషన్లు దేశ సగటు కంటే చాలా ఎక్కువ. చిన్న వయసులో, అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ముందే గుల్లబారతాయి.

1951 నాటి తోట కార్మికుల చట్టం ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్లు ఉండాలంది. అది పెద్ద తోటలకే వర్తించేది. ఇక్కడి గిరిజనులవి ఎకరం, రెండెకరాల తోటలు, అలాంటి చట్టాలకు అందవు. అయినా కోసిన పండ్లు ఒకచోట కాటా వేస్తారు, అందరూ అక్కడికి రావాల్సిందే. అక్కడ తడికలతో ఒక చాటు, ఒక డ్రమ్ము నీళ్ళు పెట్టించమని పంచాయతీ వాళ్ళను ఈ కోతలకు ముందే అడుగుతున్నాను.