సందెవేళ సీతమ్మధార... ఫొటో చెదరకుండా!

విశాఖలో ఇల్లుందంటే చుట్టాలకు కొదవుండదు. మా సీతమ్మధారకైతే మరీనూ! పొద్దున్నే రైతుబజారుకెళ్లి కూరలు తెచ్చుకుని, వంట ముగించుకుంటే, ఎండ తగ్గాక కైలాసగిరి, బీచి, సబ్‌మెరైను మ్యూజియం చూపించుకు రావచ్చు. చిక్కల్లా ఆ 'ఎండ తగ్గాక'తోనే. ఇంటికొచ్చి ఫోనులో ఫొటోలు చూసుకుంటే సగం అలుక్కుపోయి ఉంటాయి, ముగ్గుమీద నీళ్లు పడ్డట్టు.

మా ఊరి తీరే అంత. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు గానీ సముద్రంలోకి దిగడు, సింహాచలం కొండల వైపు వెళ్లిపోతాడు. మా కొండవార వీధుల్లో పొద్దు గుంకకముందే నీడ పరుచుకుంటుంది. చలికాలంలో అయిదున్నరకే మసక. మన కంటికి ఆ వెలుతురు చాలినట్టే ఉంటుంది, కెమెరాకు చాలదు. చాలినంత పోగుచేసుకోవడానికి అది షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఎండలో సెకనులో 500వ వంతులో అయిపోయే పనికి సందెవేళ 15వ వంతు పడుతుంది. ఆ కాస్తలోనే పరుగెత్తే పిల్లాడు జానెడు ముందుకు పోతాడు!

చెదిరిన ఫొటోను తీసెయ్యకముందు ఒకసారి పరీక్షగా చూడండి. గోడ, గుమ్మం కూడా చెదిరితే చెయ్యి వణికిందన్నమాట. గోడ స్పష్టంగా ఉండి బాబు మాత్రమే చెదిరితే బాబు కదిలాడు. దేని మందు దానిదే.

చేతి వణుక్కి ఉపాయాలు చాలానే ఉన్నాయి. ఫోను రెండు చేతులా పట్టుకుని మోచేతులు పక్కలకు ఆనించుకోండి. స్తంభానికో గోడకో ఆనుకుంటే ఇంకా మంచిది. తెరమీద గుండ్రటి గుర్తును పొడిచినట్టు నొక్కితే సరిగ్గా ఆ క్షణంలోనే ఫోను ఊగుతుంది. చాలా ఫోన్లలో పక్కనుండే వాల్యూమ్ బటన్‌తోనూ తీయవచ్చు, టైమరు పెట్టుకోవచ్చు. జూమ్ చేస్తే వణుకూ అన్నిరెట్లు పెద్దదవుతుంది, దానికన్నా నాలుగడుగులు ముందుకు వెయ్యండి. అన్నట్టు, వంటింటి జిడ్డు లెన్సుమీద ఉంటే ఇవేవీ పనిచెయ్యవు. మెత్తని నూలుగుడ్డతో తుడిచి మొదలుపెట్టండి.

బాబు కదలడానికి మాత్రం వెలుతురే మందు. నైట్ మోడ్ ఉందిగా అంటారేమో. అది వరసగా కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. కదలని వాటికి బాగుంటుంది. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు దీపాలతో నిలిచిన ఓడల్లాంటి వాటికి, ఫోనును బీచిరోడ్డు పిట్టగోడమీద ఆనించి తీస్తే సరి. గంతులేసే పిల్లలకు అది పనికిరాదు. మేమైతే నాలుగింటికే, ఇంకా వెలుగుండగా, అందర్నీ వీధి అరుగుమీద కూర్చోబెట్టి తీసేసి, ఆ తర్వాతే ఆటో పిలుస్తాం.

పెద్దవాళ్లను బొర్రా గుహలకు తీసుకెళ్తుంటే మరీ జాగ్రత్త. మా పక్కింటి పిన్నిగారి అత్తగారు మోకాళ్ల నొప్పులతోనే అన్ని మెట్లూ దిగారు. మనవడు నడుస్తూ నడుస్తూ ఒకే ఒక్క ఫొటో తీశాడు. దీపాల రంగులున్నాయి, ఆవిడ ముఖం లేదు. ఆవిడ మళ్లీ ఆ మెట్లు దిగగలరా? లోపల ఫ్లాష్ వెలుగు నాలుగైదు అడుగుల్లో ఉన్న ముఖానికి చాలుతుంది, గుహ కప్పుకు అందదు. ఆవిణ్ని దీపం దగ్గర కూర్చోబెట్టి, మీరు రెయిలింగుకు ఆనుకుని, వెంటవెంటనే నాలుగైదు తీయండి. చూసుకుని, ముఖం బాగా వచ్చిందనుకున్నాకే మెట్లెక్కండి.