పరుగెత్తే కారుకు ఫోటో

పిల్లలూ, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 10 మీటర్లు ముందుకు పోతుంది. కెమెరాలో షట్టరు అనే తలుపును సెకనులో 20వ వంతు తెరిచి ఉంచితే, ఆ కాస్తలోనే కారు అరమీటరు జరుగుతుంది. కెమెరాను రాయిలా కదలనివ్వక పెట్టారనుకోండి, రోడ్డు చక్కగా పడుతుంది, కారు అలుక్కుపోతుంది!

మా అక్క పెళ్ళయి బళ్ళారి వెళ్ళేనాడు, కారు కిటికీలో ఆమె ముఖం నాకు కావాలి. వెళ్ళిన కారు మళ్ళీ వెనక్కు రాదు గదా! మా విడపనకల్లు గాలి సామాన్యం కాదు, మూడుకాళ్ళ స్టాండును కూడా వణికిస్తుంది. అందుకని స్టాండు నడుమ ఇసుక సంచీ వేలాడగట్టి, పైమరను పక్కలకు తిరిగేంత మాత్రం వదులు చేశాను. కారు దూరాన ఉండగానే కెమెరాలో పట్టి, దానితోపాటే తిప్పుతూ మీట నొక్కాను. నొక్కాక కూడా తిప్పడం ఆపలేదు. అలా తిప్పితే కారు బొమ్మ కెమెరాలో ఒకేచోట నిలుస్తుంది.

స్టాండు లేదా? కెమెరా అడుగుమరకు దారం కట్టి, రెండోకొస కాలికింద తొక్కిపట్టి, బిగలాగండి. కెమెరా కిందికీ మీదికీ ఊగదు, పక్కకు మాత్రం తిరుగుతుంది. రోడ్డుకు దూరంగా నిలబడాలి సుమా!

ఫోటోలో శనగచేలన్నీ పచ్చని గీతలయ్యాయి. అమ్మ దాన్ని చూసి, "పిల్ల ఏడుస్తాందే!" అంది.